డప్పు ఉన్న ఇంటికి చిట్కాలు

దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. సంక్రాంతి దాటాక మక్కువ దగ్గర శంబర పోలమాంబ జాతర. ఆ వెనకే మాఘం పెళ్ళిళ్ళు, ఊరూరి అమ్మవారి పండగలు. మా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో డప్పు మేళానికి నాలుగు డబ్బులు కనపడేది ఈ నెలల్లోనే. పండగనాడు డప్పు పలక్కపోతే వాన మీద నెపం వేస్తాం గానీ, తప్పు చాలావరకు ఇంట్లోనే జరిగిపోయి ఉంటుంది. ఈ చిట్కాల్లో కొన్ని మా అయ్య చెప్పినవి, కొన్ని చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి.

1. డప్పుని సిమెంటు నేల మీద ఆనించకండి, చెమ్మ లాగేస్తుంది. వేలాడదీయండి. అదీ తాడుతో కాదు, సన్నటి ఇనప తీగతో, గోడకి జానెడు ఎడంగా. తోలు డప్పంటే ఎలకకి మేకమాంసమే. ఒక ఏడు మా ఇంట్లో భోగి నాటికి నాలుగు వేళ్ళు పట్టేంత కన్నం పడింది. పిల్లి ఇంట్లోనే ఉంది.

2. కాచడానికి ఎండుగడ్డి వాడండి. కట్టెల నిప్పు తోలుని కమిలిస్తుంది. గడ్డి మంట గబుక్కున లేచి గబుక్కున పోతుంది, చెమ్మని మాత్రం తీసుకుపోతుంది. తోలు మంటవైపు తిప్పి, మూరెడు ఎత్తులో, చేటలో బియ్యం చెరిగినట్టు ఆడిస్తూనే ఉండాలి. ఒకచోట ఆపారా, మచ్చ పడుతుంది. ఎప్పటికైనా పగిలేది ఆ మచ్చ దగ్గరే. మధ్యమధ్యలో అంచు వెంట వేలితో తట్టి చూడండి. మొదట తడిసిన అట్టలా 'దబ్' అంటుంది. చుట్టూరా ఒకే 'కణ్' వచ్చేదాకా కాచాలి. ఒక పక్క ఇంకా దబ్ అంటుంటే ఆ పక్కే మంటకి చూపించండి, మొత్తం కాచేస్తే రెండో పక్క బిగుసుకుపోతుంది. మంచు రాత్రి ఈ కణ్ అరగంట నిలవదు. తుపాను గాలికైతే అదీ లేదు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న, అంటే సరిగ్గా మన పని రోజుల్లో. అందుకే గడ్డి కట్ట, అగ్గిపెట్టె ప్లాస్టిక్ సంచిలో చుట్టి డప్పుతోపాటే బయల్దేరదీయండి.

3. ఫైబరు డప్పు గొంతు నాకు నచ్చదు, నూనెడబ్బా మోగినట్టుంటుంది. అయినా ఒకటి కొని పెట్టుకున్నాను. నట్లు బిగిస్తే చాలు, వానలో ఇష్టాయిష్టాలు చూసుకోలేం.

4. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల రెండేసి జతలు ఉంచుకోండి. పట్టు బిగించకండి, అది కొడవలి కాదు. దెబ్బ వేశాక పుల్లని తోలే వెనక్కి తోస్తుంది, తోయనివ్వండి. సాయంత్రానికి మోచెయ్యి పీకుతోందంటే పట్టు బిగిసినట్టే. బొబ్బ లేస్తే చిదపకండి, గుడ్డ చుట్టి వాయించండి.

5. అందరికీ కుడిచెయ్యే ముద్దు. మా అయ్య మాత్రం వినగానే పట్టేసేవాడు: "ఎడం సెయ్యి నిద్దరోతంది, లేపరా గుంటడా!" పాత టైరు ముక్క ఒకటి కోసి పీట మీద పెట్టుకోండి. పుల్ల దాని మీద డప్పు మీదలాగే ఎగురుతుంది, పక్కింటోళ్ళ నిద్రా చెడదు. రోజూ పది నిమిషాలు ఒక్క ఎడమచేత్తో, నడక అంత నిదానంగా. జోరు దానంతటదే వస్తుంది. ముందే తీనుమారు మొదలెట్టిన కుర్రాళ్ళు మా మేళంలో నలుగురున్నారు. ఊరేగింపు మొదటి మలుపు దాకా బ్రహ్మాండంగా వాయిస్తారు.

6. లెక్క కాలికి అప్పజెప్పండి. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి పెద్ద ఆదిభట్ల నారాయణదాసు గారు. చేతులు, కాళ్ళు, తలతో ఐదు తాళాలు ఒక్కసారే నడిపేవారని పంచముఖీ పరమేశ్వరుడన్నారు. మనకి ఐదెందుకు, ఒకటి తప్పకపోతే చాలు. తప్పెటగుళ్ళ వాళ్ళని చూడండి: రొమ్ముకి తప్పెట కట్టుకుని ఎంత ఎగిరినా లెక్క కాలి గజ్జెలోనే ఉంటుంది.

7. 85 డెసిబెల్స్ మోతని చెవి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుందంటారు. మూడు పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుంది. డీజే బాక్సు పక్కన నిలబడకండి. దూది పెద్దగా ఆపదు, మందుల షాపులో చెవి ప్లగ్గులు దొరుకుతాయి.

8. పనికి వెళ్ళేముందు చోడంబలి తాగి వెళ్ళండి, సీసాలో ఉప్పు వేసిన నిమ్మనీళ్ళు పట్టుకెళ్ళండి. మందు వేస్తేగానీ డప్పు మొయ్యలేమంటారు. నేనూ అన్నాను, పదేళ్ళు. తాగినప్పుడు బాగా వాయించాననిపించేది నాకొక్కడికే.

9. బయానా పుచ్చుకునేటప్పుడే అడగండి: ఎంతమంది, ఎన్నింటి దాకా, తిరిగొచ్చే బండి ఎవరిది. ఇంకొకటి కూడా: భోజనం ఎక్కడ పెడతారు? ఒక ఊళ్ళో పందిట్లో బల్లలు ఖాళీగా ఉండగా మా విస్తళ్ళు పశువులశాల పక్కన వేశారు. మా అయ్య ఏమీ అనలేదు. డప్పు సంచిలో పెట్టి, మిగతా డబ్బు అడక్కుండా బస్సెక్కాడు. చావింట్లో మాత్రం ఏ బేరమూ పెట్టకండి.

10. సన్నాయి పాట ఎత్తుకున్నప్పుడు దెబ్బ తగ్గించండి. అతను ఊపిరి తీసుకునే సందు మీది, అప్పుడు చూపించండి ప్రతాపం.

11. డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. వయసు మీద పడ్డాక మేము కళాకారులమేనని చూపించడానికి కాగితం ఉండదు. ఇప్పట్నుంచే దాచండి: పండగ కరపత్రాలు, పేరు పడిన పేపరు ముక్క, సిరిమాను ముందు డప్పుతో నడుస్తున్న ఫొటో ఒకటి. ఫొటో వెనక తేదీ రాయించండి. ట్రంకు పెట్టెలో పెట్టండి, కాగితాలకీ ఎలకలొస్తాయి.