“బాగున్నావా?” అని అడగడం కూడా ధర్మమే: కాఫీ కప్పు దగ్గర కుశల ప్రశ్న

ఈ వారం వీడియోలో కుశల ప్రశ్న గురించి క్లుప్తంగా చెప్పుకున్నాం కదా. అందులో టైం చాలక వదిలేసిన విషయాలు ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం. వీలైతే ఒక కాఫీ కలుపుకుని కూర్చోండి. మన టాపిక్ కూడా అదే.

“రా, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం” అని ఎవరైనా అంటే అది కాఫీ కోసం పిలుపు కాదని మనందరికీ తెలుసు. నాన్న షుగర్ రిపోర్టు, పిన్ని కూతురి సీమంతం, ఓనర్ పెంచిన అద్దె, తమ్ముడి బ్యాక్‌లాగ్‌లు, అమ్మమ్మ మోకాళ్ళు... ఇవన్నీ ఆ కప్పు చుట్టూ తిరిగే సంగతులు. మన భాషలో దీనికి చక్కటి మాటలున్నాయి: మంచీ చెడ్డా మాట్లాడుకోవడం, కష్టం సుఖం చెప్పుకోవడం.

అయితే మనలో చాలామందికి ఒక గీత ఉంటుంది. పూజ గదిలో చేసేది భక్తి, వంటింట్లో చెప్పుకునేవి కబుర్లు అని. ఆ గీత మన ఇతిహాస పురాణాల్లో అంత గట్టిగా కనబడదు. ఇంటి మనుషుల బాగోగులు అడగడాన్ని అవి చాలా సీరియస్‌గా తీసుకున్నాయి. మూడు సందర్భాలు చూద్దాం. దానికంటే ముందు రెండు మాటలు.

కుశలం, యోగక్షేమం

కుశలం అనే మాటకు సంప్రదాయంగా చెప్పే వ్యుత్పత్తి “కుశలను తెచ్చేది” అని. కుశ అంటే దర్భ. దర్భ అంచు పదునుగా ఉంటుంది, చూసుకోకుండా కోస్తే చెయ్యి తెగుతుంది. చెయ్యి తెగకుండా కోసుకొచ్చేవాడు కుశలుడు, అంటే నేర్పరి. ఆ తర్వాత అదే మాట క్షేమం అనే అర్థంలోకీ వచ్చింది. “కుశలమేనా?” అన్నప్పుడు, ఇంత పదునైన ప్రపంచంలో చెయ్యి తెగకుండా నెట్టుకొస్తున్నావా అని అడుగుతున్నట్టు నాకు అనిపిస్తుంది.

రెండోది యోగక్షేమం. గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడు తన భక్తుల యోగక్షేమాలు తానే చూసుకుంటానంటాడు. లేనిది సమకూరడం యోగం, ఉన్నది నిలబడడం క్షేమం. అందుకే “ఉద్యోగం వచ్చిందా?” అని అడగడం సగం ప్రశ్నే అవుతుంది. “ఉద్యోగంలో నిద్రా తిండీ సరిగ్గా ఉన్నాయా?” అన్నది మిగతా సగం.

మన తాతలు ఉత్తరాలు “ఉభయకుశలోపరి” అని మొదలుపెట్టేవారు. రెండు వైపులా క్షేమమే, ఆ పైన సంగతులు అని. పొలం తగాదా రాసినా, పెళ్ళి కబురు రాసినా, ముందు ఈ మాట పడాల్సిందే. విషయం కంటే మనిషి ముందు అన్నమాట.

1. చిత్రకూటంలో అన్నయ్య ప్రశ్నలు

వాల్మీకి రామాయణం, అయోధ్యాకాండ, నూరో సర్గ. దీన్ని కచ్చిత్ సర్గ అంటారు. “కచ్చిత్” అంటే “...కదా?” అని ఆశతో అడిగే ప్రశ్న. భరతుడు నారబట్టలతో, జటలతో చిత్రకూటానికి వస్తాడు. రాముడు దగ్గరికి తీసుకుని అడగడం మొదలుపెడతాడు. ఈ సర్గను మామూలుగా రాజనీతి పాఠంగా చెబుతారు. అది నిజమే. మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును కూడా ఇలాగే వరసగా అడుగుతాడు. కానీ ఒక్కసారి దీన్ని అన్నయ్య తమ్ముణ్ణి అడుగుతున్న ప్రశ్నలుగా చదివి చూడండి.

మొదటి ప్రశ్న నాన్న గురించి. తర్వాత తల్లుల గురించి: కౌసల్య, సుమిత్ర, ఆ తర్వాత కైకేయి. తనను అడవికి పంపమని కోరిన కైకేయి కూడా సంతోషంగా ఉందా అని అడిగాడు. ఆ పేరును దాటేసి వెళ్ళలేదు. మన ఇళ్ళల్లో మాటలు లేని ఒక బాబాయి, ఒక అత్త దాదాపు ఎప్పుడూ ఉంటారు కదా. వాళ్ళ ఊసు వచ్చినప్పుడు టాపిక్ మార్చేస్తాం. రాముడు మార్చలేదు.

ఆ పైన ప్రశ్నలు ఎంత చిన్న విషయాల్లోకి వెళ్తాయో చూడండి. వేళకు నిద్ర లేస్తున్నావా? రుచిగా వండినవి ఒక్కడివే తినడం లేదు కదా? నిర్ణయాలు ఒంటరిగా తీసుకోవడం లేదు కదా, అలాగని మరీ ఎక్కువమందితో చర్చించడం లేదు కదా? సైనికుల జీతాలు ఆలస్యం చేయకుండా ఇస్తున్నావా? ఆదాయం ఎక్కువగా, ఖర్చు తక్కువగా ఉందా?

ఇందులో మనకు పనికొచ్చే టెక్నిక్ ఒకటుంది. “ఎలా ఉన్నావు?” అనే పెద్ద ప్రశ్నకు “బాగానే ఉన్నా” అనే రెడీమేడ్ జవాబు ఉంటుంది. ఇది మా టీం స్టాండప్ మీటింగ్‌లో “నో బ్లాకర్స్” అన్నట్టే, అక్కడితో అయిపోతుంది. చిన్న ప్రశ్నకు మాత్రం నిజమైన జవాబే చెప్పాల్సి వస్తుంది.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు డికాషన్ దిగుతుంటే అమ్మను “పొద్దున్న ఎన్నింటికి లేచావు?” అని అడిగాను, అంతే. “మూడింటికే మెలకువ వచ్చేస్తోందిరా ఈ మధ్య” అంది. ఎందుకు అంటే, కుడివైపు తిరిగి పడుకుంటే భుజం నొప్పి అంది. అలా ఒక్కొక్కటే బయటికొచ్చింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవట్లేదు. కుక్కర్ దించడానికి నాన్నను పిలుస్తోంది. నాలుగు నెలలుగా ఇదే. ఆ నాలుగు నెలలూ ఫోన్లో “బాగానే ఉన్నాను నాన్నా, నువ్వు తిన్నావా?” అనే మాటే. అబద్ధం చెప్పాలని కాదు, దూరంగా ఉన్న పిల్లల్ని కంగారు పెట్టకూడదని. డాక్టర్ చూసి భుజం పట్టేసిందన్నారు, ఫిజియోథెరపీ మొదలైంది. మూడింటి మెలకువ ఎంత పనిచేసిందో చూడండి.

మళ్ళీ చిత్రకూటానికి వద్దాం. ఇన్ని ప్రశ్నలు అడిగిన రాముడికి అప్పటికి తండ్రి లేడని తెలియదు. భరతుడు ఆ మాట దాచలేదు. విని రాముడు స్పృహ తప్పి పడిపోయాడు. తేరుకున్నాక సీతకు, లక్ష్మణుడికి ఆ కబురు తానే చెప్పాడు. అందరూ కలిసి మందాకినికి వెళ్ళి నీళ్ళు వదిలారు. గారపిండిలో రేగుపళ్ళు కలిపి పిండం పెట్టారు. తాము ఏం తింటున్నారో అదే.

ఇక్కడ జవాబు చెప్పేవాళ్ళకూ ఒక పాఠం ఉంది. అడిగినవాడు తట్టుకోలేడని భరతుడు “అంతా బాగే అన్నయ్యా” అనలేదు. అన్నట్టయితే ఆ దుఃఖాన్ని నలుగురూ కలిసి మోసే అవకాశం ఉండేది కాదు.

2. కుచేలుడి అటుకుల మూట

భాగవతం దశమ స్కంధంలోని ఈ కథ తెలియని తెలుగువాళ్ళు ఉండరు. పోతనగారి పుణ్యమా అని చిన్నప్పుడే వినేశాం. అందుకే ఒక విషయం గమనించకుండా దాటేస్తాం. కుచేలుడు వచ్చిన అవతారం చూడగానే ఇంటి పరిస్థితి తెలిసిపోతోంది. అయినా కృష్ణుడు “ఏంటి ఇలా అయిపోయావు?” అనలేదు. కాళ్ళు కడిగాడు, తన పాన్పు మీద కూర్చోబెట్టాడు, రుక్మిణి వింజామర వీచింది. చేతులు పట్టుకుని గురుకులం రోజులు ఎత్తాడు. గురుపత్ని కట్టెలకు పంపితే అడవిలో గాలివానలో చిక్కుకున్న రాత్రి గుర్తుందా అన్నాడు. పెళ్ళి సంగతి, ఇల్లాలి సంగతి అడిగాడు. ఆ తర్వాతే, నాకేం తెచ్చావు అన్నాడు.

ఇల్లాలు ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చి మూటగట్టింది నాలుగు గుప్పెళ్ళ అటుకులు. సిగ్గుతో తల దించుకున్న స్నేహితుడి దగ్గర ఆ మూట తానే లాక్కుని తిన్నాడు. కుచేలుడు నోరు విప్పి ఏమీ అడగలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు.

లేఆఫ్‌ల సీజన్‌లో ఇది బాగా పనికొచ్చే కథ. జాబ్ పోయిన ఫ్రెండ్‌తో కాఫీకి కూర్చున్నప్పుడు “ఎందుకు తీసేశారు, సెవరెన్స్ ఎంతిచ్చారు” అని మొదలుపెడితే వాడు మళ్ళీ హెచ్ఆర్ ముందు కూర్చున్నట్టే ఫీలవుతాడు. హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి గురించి మొదలుపెట్టండి. వాడు ఉద్యోగం పోయిన మనిషి కంటే ముందు మీ రూమ్మేట్. ఆ చోటు దొరికాక, చెప్పాలనుకుంటే వాడే చెప్తాడు. చెప్పకపోయినా మీకు కనబడిన అటుకుల మూట మీరే అందుకోవచ్చు. బిల్లు కట్టడమో, రెజ్యూమె నాలుగు చోట్ల పంపడమో.

3. విదురుడు ఆగిన క్షణం

ఇది తక్కువగా చెప్పుకునే సందర్భం. తృతీయ స్కంధం. హస్తినాపురం వదిలి తీర్థయాత్రలు చేస్తున్న విదురుడికి యమున ఒడ్డున ఉద్ధవుడు ఎదురవుతాడు. చాలాకాలానికి మనవాడు కనిపించాడు కదా, విదురుడు ఒక్కొక్కరి పేరూ పెట్టి అడుగుతాడు. కృష్ణ బలరాములు ఎలా ఉన్నారు? వసుదేవుడు? ప్రద్యుమ్నుడు? ఉగ్రసేనుడు? సాత్యకి? అక్రూరుడు? దేవకి?

యాదవకులం అప్పటికే నశించింది. కృష్ణుడు అవతారం చాలించాడు. ఉద్ధవుడి నోట మాట రాలేదు. కాసేపు మౌనంగా ఉండిపోయాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుని అప్పుడు మొదలుపెట్టాడు. విదురుడు మధ్యలో కదపలేదు, “ఏమైంది చెప్పు” అని తొందరపెట్టలేదు.

అడగడం సగం, ఆగడం సగం. మనకు రెండోదే కష్టం. ఎదుటివాళ్ళు రెండు సెకన్లు ఆగితే ఫోన్ చేతిలోకి తీసుకుంటాం, లేదా సలహా ఇచ్చేస్తాం. ఇంకో సంగతి. ఉద్ధవుడి మాట మీద విదురుడు మైత్రేయ మహర్షి దగ్గరికి వెళ్తాడు. కపిలుడు తల్లి దేవహూతికి చేసిన బోధ మనకు వినబడేది ఆ మైత్రేయ విదుర సంవాదంలోనే. అంటే అంత తత్త్వబోధకూ దారి తీసింది “మనవాళ్ళంతా ఎలా ఉన్నారు?” అనే ప్రశ్న.

మరి పెళ్ళెప్పుడు, ప్యాకేజీ ఎంత?

మీరు ఇదే అనుకుంటున్నారని తెలుసు. చుట్టాలు అడిగే ఈ ప్రశ్నలు కూడా కుశల ప్రశ్నలేనా? ఆదాయం ఖర్చుల గురించి రాముడూ అడిగాడు కదా?

దీనికి గీత పదిహేడో అధ్యాయంలో మంచి ఫిల్టర్ ఉంది. వాక్కుతో చేసే తపస్సు గురించి చెబుతూ నాలుగు లక్షణాలు ఇస్తాడు: ఎదుటివారిని కలవరపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది. దీనికి స్వాధ్యాయాన్ని కూడా జోడిస్తాడు. రాముడి ప్రశ్న హితం కోసం. జవాబు విన్నాక దాన్ని ఇంకెవరితోనో పోల్చడం లేదు, ఇంకో ఇంట్లో చెప్పడం లేదు. అదే ప్రశ్న “మా వాడికి ముప్పై లక్షలు” అని చెప్పడానికి అడిగితే ప్రశ్న మారకపోయినా పని మారిపోతుంది. లేని మనిషి గురించి నడిచే మాటలు కూడా ఈ ఫిల్టర్‌లోంచి దిగవు. కాఫీ దగ్గర మనం ఏ పక్క ఉన్నామో చూసుకోవడానికి ఈ నాలుగూ చాలు.

కాఫీయే ఎందుకు?

కాఫీ మన శాస్త్రాల్లో లేదు. బాబా బుడన్ 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని సంప్రదాయంగా చెబుతారు. ఇప్పుడు మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వస్తువు కొత్తదే, ఉపచారం మాత్రం పాతది.

షోడశోపచార పూజను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆవాహనం, ఆసనం, పాద్యం, అర్ఘ్యం, ఆచమనీయం... రండి, కూర్చోండి, కాళ్ళు కడుక్కోండి, నీళ్ళు తీసుకోండి. ఇంటికి వచ్చిన అతిథికి చేసే మర్యాదే ఇది. దేవుణ్ణి అతిథిలా చూడడం పూజ అయితే, అతిథిని దేవుడిలా చూడమని తైత్తిరీయోపనిషత్తు చెప్పింది. పంచమహాయజ్ఞాల్లో మనుష్యయజ్ఞం అంటే కూడా ఇదే. కుర్చీ లాగి, మంచినీళ్ళిచ్చి, కాఫీ పెట్టి “ఏంటి విశేషాలు?” అంటే ఆ వరస మన చేతుల్లో నడుస్తున్నట్టే.

పైగా ఫిల్టర్ కాఫీలో ఒక సౌకర్యం ఉంది. డికాషన్ చుక్క చుక్కగా దిగడానికి ఒక పావుగంటైనా పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు. ఆ పావుగంటలోనే అసలు మాటలు వస్తాయి.

ఈ వారం సాధన

- ఇంట్లో ఒకరితో, ఫోన్ పక్క గదిలో పెట్టి, పావుగంట కూర్చోండి. దూరంగా ఉంటే వీడియో కాల్ చేసి, రెండు వైపులా కాఫీ పెట్టుకోండి.
- “ఎలా ఉన్నావు” బదులు ఒక చిన్న ప్రశ్న: రాత్రి నిద్ర పట్టిందా? ఈ వారం ఎవరెవరు వచ్చారు? బీపీ మాత్రలు ఎన్నున్నాయి?
- ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు ఒకటి మీరు ఎత్తండి, మంచి మాటతో.
- జవాబు ఆగితే మీరూ ఆగండి.
- మిమ్మల్ని అడిగినప్పుడు, “బాగానే ఉన్నా” తర్వాత ఒక్క నిజమైన వాక్యం కలపండి.

పూజ గదిలో దీపం పెట్టి కొండెక్కకుండా మధ్యమధ్యలో చూసుకుంటాం కదా, నూనె ఉందా, వత్తి సరిగ్గా ఉందా అని. ఇంట్లో మనుషుల్ని కూడా అలాగే చూసుకోవాలి.

వచ్చే వారం వీడియోలో పంచమహాయజ్ఞాలు ఒక్కొక్కటిగా మొదలుపెడదాం. అంతవరకు మీ ఇంటిల్లిపాదీ కుశలంగా ఉండాలని కోరుకుంటూ, జై శ్రీరామ్.