ఎర్రమూత్రం: సూదిమందుకు ముందు రక్తపు స్లైడు

ఆవు మూత్రం కాఫీ రంగులో పడగానే మన సభ్యులు చాలామంది పిడుదుల జ్వరమని నిర్ణయించి, దొరికిన ఇంజక్షను వేయిస్తున్నారు. తగ్గకపోతే అప్పుడు రక్తపరీక్షకు పంపుతున్నారు. ఈ వరుస తిరగబడాలి. సంఘాల మందుల పెట్టెలు తనిఖీ చేసినపుడు సూదులు ఉంటాయి గాని గాజు స్లైడు అరుదుగా కనబడుతుంది.

పిడుదులు మోసే బెబీసియా అనే సూక్ష్మజీవి ఎర్ర రక్తకణాలను పగులగొట్టినపుడు ఎర్రమూత్రం వస్తుంది; జ్వరం 104 నుండి 106 డిగ్రీల దాకా ఉంటుంది. ఈనిన కొద్ది వారాలలో, ముఖ్యంగా గేదెలలో, భాస్వరం కొరత వలన కూడా అచ్చం ఇలాగే వస్తుంది. అందులో సాధారణంగా జ్వరం ఉండదు, పిడుదుల మందు పనిచేయదు. సంకరజాతి ఆవులను, దూడలను ఎక్కువగా బలిగొనే థైలీరియాసిస్‌లో మూత్రం చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. జ్వరం దిగదు, భుజం ముందరి గడ్డ వాస్తుంది, కనురెప్పల లోపలి భాగం పాలిపోతుంది. దానికి మందు బుపార్వాక్వోన్, బెబీసియాకు డిమినజీన్. ఒకదానికి బదులు మరొకటి వేస్తే రోజులు పోతాయి, ఆవూ పోవచ్చు.

చెవి అంచు వెంట్రుకలు కత్తిరించి, స్పిరిటుతో తుడిచి, ఆరిన తరువాత సూదితో గుచ్చాలి. చెవి అంచే ఎందుకంటే, బెబీసియా సన్నని రక్తనాళాలలో ఎక్కువగా చేరుతుంది. చిన్న బొట్టు చాలు. రెండో స్లైడు అంచుతో పలుచగా నెట్టి గాలికి ఆరబెట్టాలి. ఈగలు వాలితే పూతను నాకేస్తాయి. ఫార్మలిన్ సీసా ఉన్న పెట్టెలో పెడితే ఆ ఆవిరికే స్లైడు పాడవుతుంది. ఇదంతా ఇంజక్షనుకు ముందే జరగాలి. మందు పడ్డాక బెబీసియా రక్తంలో కనిపించకపోవచ్చు.

ప్రయోగశాలలో జీమ్సా రంగు వేసి వెయ్యి రెట్లు పెద్దదిగా చూస్తారు. బెబీసియా ఎర్రకణంలో జంట బేరిపండ్ల వలె, థైలీరియా చిన్న ఉంగరం వలె ఉంటుంది. అయితే కోలుకొన్న ఆవులోనూ కొద్దిపాటి థైలీరియా మిగిలి ఉంటుంది. అందుచేత జ్వరమెంత, గడ్డ వాచిందా, ఈని ఎన్నాళ్లయింది అనే వివరాలు చీటీలో లేకపోతే ఫలితం సగమే తెలుస్తుంది. గడ్డలోనుంచి డాక్టరుగారు సూదితో తీసిన ద్రవంలో కోక్ బాడీలు కనిపిస్తే జబ్బు ఇప్పుడు నడుస్తున్నట్లే. స్లైడుకు అందని కొద్దిపాటి సూక్ష్మజీవులను పీసీఆర్ పరీక్ష పట్టగలదు. దానికి గడ్డకట్టని రక్తం ఐసు మీద పంపాలి.

పశువు పడిపోయి ఉంటే ఫలితం కోసం ఆగనక్కరలేదు. స్లైడు తీసిన వెంటనే డాక్టరుగారు చికిత్స మొదలుపెట్టవచ్చు.