ఆపరాని వేగములు, ఆపవలసిన వేగములు

యోగమార్గమున చిత్తమును చెదరగొట్టు విఘ్నములను పతంజలి మహర్షి తొమ్మిదింటిగా లెక్కించెను. వానిలో మొదటిది వ్యాధి. సంశయము, ఆలస్యము, భ్రాంతి మున్నగునవి దాని తరువాతనే వచ్చును. చిత్తమును నిలుపబూనినవాడు దేహమును ఉపేక్షింపరాదని ఈ క్రమమే తెలుపుచున్నది.

అయినను క్రొత్తగా సాధనకు పూనుకొన్నవారిలో పలువురు దేహమును శత్రువుగా ఎంచుదురు. తొలి ఉత్సాహమున ఒకపూట భోజనము మానుదురు. నిద్రను మూడు నాలుగు గంటలకు తగ్గింతురు. కొన్ని వారములు గడచునప్పటికి తలనొప్పి, అజీర్ణము, చిరాకు పట్టుకొనును. ఇంటివారు పలుకరించినను కోపము వచ్చును. తుదకు ధ్యానము తమకు సరిపడదని నిశ్చయించి, ఆసనమును చుట్టి మూలబెట్టుదురు. నిజమునకు సరిపడనిది ధ్యానము కాదు. దేనిని నిగ్రహింపవలెనో, దేనిని నిగ్రహింపరాదో తెలియకుండుటయే ఈ అనర్థమునకు మూలము.

ఈ వివేకమును చరకసంహిత స్పష్టముగా బోధించుచున్నది. సూత్రస్థానమందలి ఏడవ అధ్యాయమున రెండు విధములైన వేగములు చెప్పబడినవి. వేగమనగా లోపలినుండి త్రోసుకొనివచ్చు ప్రేరణ. ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, ఆవులింత, కన్నీరు, మలమూత్రములు, శ్రమచే కలుగు ఆయాసము మొదలైన 13 దేహవేగములను బలవంతముగా ఆపరాదు. ఆపినచో అవి రోగములకు దారితీయును. ఆపవలసినవి వేరు. మనస్సునందలి లోభము, శోకము, భయము, క్రోధము, గర్వము, ఈర్ష్య. వాక్కునందలి పరుషత్వము, చాడి, అసత్యము, అకాలభాషణము. కర్మయందలి పరపీడ, దొంగతనము, హింస అనువానిని ఇహపరముల మేలు కోరువాడు తప్పక ఆపవలెను.

ఆకలిని అణచి కోపమును విడిచిపెట్టువాడు ఈ ఉపదేశమును తలక్రిందులు చేసినవాడగును. ఉపవాసముచే వాని కడుపు మాడును గాని అహంకారము మాడదు. సిద్ధార్థ గౌతముడు నిరంజనా నదీ ప్రాంతమున కఠోరోపవాసములచే దేహమును శుష్కింపజేసి, అది మార్గము కాదని గ్రహించి, సుజాత యొసగిన పాయసమును స్వీకరించెను. ఆ పిమ్మటనే బోధి నొందెనని బౌద్ధ సంప్రదాయము చెప్పుచున్నది. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, అసలు నిద్రింపనివానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున హెచ్చరించెను.

అట్లయిన ఏకాదశి ఉపవాసము తప్పా యను సందేహము కలుగవచ్చును. తప్పు కాదు. ఆయుర్వేదము కూడ ఉపవాసమును లంఘనచికిత్సలో చేర్చినది. అయితే అది బలమును, జఠరాగ్నిని, కాలమును చూచి చేయవలసినది. మధుమేహము మొదలగు వ్యాధులు గలవారు, గర్భిణులు వైద్యుని అడుగక దానికి పూనుకొనరాదు.

ఇక మనోవేగములను ఆపుట యెట్లు? వాతము, పిత్తము, కఫము దేహదోషములనియు, రజస్సు, తమస్సు మనోదోషములనియు చరకుని మతము. మనోదోషములకు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి అనువానిని ఔషధములుగా ఆ సంహితయే విధించినది. వైద్యశాస్త్రమే చిత్తైకాగ్రతను మందుగా చెప్పుట గమనింపదగిన విషయము.

ఈ మందును కొలదికొలదిగా సేవింపవలెను. ప్రారంభమున దినమునకు 10 లేక 15 నిమిషములు చాలును. వెన్ను నిటారుగా నుంచి సుఖముగా కూర్చుండి, సహజముగా వచ్చిపోవు శ్వాసపై గాని ఇష్టనామముపై గాని మనస్సును నిలుపవలెను. అది తొలగిపోయినప్పుడు విసుగుకొనక మరల తీసికొనిరావలెను. ఇట్లు నూరుమారులు మరలించుటయే అభ్యాసము. తలపు పుట్టుచుండగనే దానిని గుర్తించు నేర్పు దీనివలన అలవడును. అట్టివాడు కోపము నాలుకమీదికి రాకమునుపే దానిని చూడగలడు. చూచినప్పుడే ఆపుటకు వీలగును.

దేహమునకు చేయవలసిన సాయము కూడ స్వల్పమే. ఉదరమున రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు ఇచ్చి, నాలుగవ పాలు వాయుసంచారమునకు విడువవలెనని వాగ్భటుడు చెప్పెను. నిండుకడుపుతో ధ్యానమునకు కూర్చున్నచో కునుకు తప్పదు. బ్రాహ్మముహూర్తమున లేవవలెనని ఆయన విధించినది స్వస్థునకే, రోగికి కాదు. తెల్లవారుజామున లేవగోరువాడు రాత్రి పెందలకడ పరుండవలెను. లేనిచో ఆపరాని నిద్రావేగమును ఆపినవాడగును. తీవ్రమైన దిగులు గాని నిద్రలేమి గాని వదలక పీడించుచున్నచో వైద్యుని ఆశ్రయించుట సాధనకు లోపము కాదు.

దోషములు, అగ్ని, ధాతువులు సమముగ నుండుటతోపాటు ఆత్మేంద్రియమనస్సులు ప్రసన్నముగ నున్నవానినే సుశ్రుతుడు స్వస్థుడనెను. స్వస్థుడనగా తనయందు తాను నిలిచినవాడు. ఆకలిగొన్న దేహమునకు అన్నము పెట్టి, అలసినదానికి నిద్రనిచ్చి, కోపము వచ్చినప్పుడు మాత్రము పెదవి బిగించువాడు ఆ స్థితికి త్రోవ పట్టినవాడే.