నాలుకకు పరీక్ష పెడదాం



పెద్ద దుకాణాలలో అరల నిండా రంగురంగుల అట్టపెట్టెలు మీరు చూసే ఉంటారు. కార్న్‌ఫ్లేక్సు, గోధుమరేకులు, ఉబ్బించిన బియ్యపు గింజలు, చాక్లెట్టు పూసిన చిన్న ఉండలు - ఇలా ఎన్నో రకాలు. గిన్నెలో వేసుకొని పాలు పోసుకుంటే ఉదయం ఫలహారం సిద్ధం.

వీటిలో ఏది బాగుంటుందని తరగతిలో అడిగితే జవాబు వెంటనే వస్తుంది. "నీకెలా తెలుసు?" అంటే, "తిని చూశాం కదండీ!" అంటారు. తిని చూడటం మంచిదే. కాని ఆ తీర్పు చెప్పింది మీ నాలుకేనా? పెట్టెమీది బొమ్మ చెప్పిందా? టీవీలో చూసిన ప్రకటన చెప్పిందా? దాని ధర ఎక్కువ గనుక మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం చెప్పిందా? ఇది తేలకపోతే, కొనేది మనమైనా ఎంపిక మాత్రం మరొకరిది అవుతుంది. అందుకే ఈ నెల మన నాలుకకే ఒక పరీక్ష పెడదాం.

పెట్టెలోని సరుకు ఎలా తయారవుతుంది?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బాటిల్ క్రీక్ అనే ఊరుంది. అక్కడి ఆరోగ్యశాలను డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్ నడిపేవాడు. తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ ఆయనకు సాయంగా ఉండేవాడు. 1894లో వారు ఉడికించిన గోధుమలను చాలాసేపు అలాగే వదిలేశారట. తరువాత వాటిని రోలర్ల మధ్య నలిపితే ముద్ద రాలేదు. ఒక్కొక్క గింజా ఒక్కొక్క పలుచని రేకుగా బయటికి వచ్చింది. తడి గింజ అంతటా సమంగా సర్దుకోవటమే దీనికి కారణం. తరువాత మొక్కజొన్నతోనూ ఇలాగే చేశారు. 1906లో తమ్ముడు సొంతంగా కార్న్‌ఫ్లేక్సు కంపెనీ పెట్టాడు. చక్కెర కలపాలని తమ్ముడు, కూడదని అన్న - ఇద్దరికీ అక్కడే పేచీ వచ్చింది. ఆ పేచీని గుర్తుంచుకోండి, దానితో మనకు మళ్ళీ పని ఉంది.

మొక్కజొన్న నూకను ఆవిరిమీద ఉడికించి, కొంత ఆరబెట్టి, రోలర్లతో నొక్కి, వేడి గాలిలో కాలుస్తారు. కాలేటప్పుడు చక్కెరలూ మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమరంగునూ కమ్మని వాసననూ ఇస్తాయి. అట్టు అంచు ఎర్రబడినప్పుడు వచ్చే వాసన కూడా ఇలాంటిదే. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైయార్ పేరుతోనే దీనిని పిలుస్తారు.

ఉబ్బించిన గింజలది వేరే దారి. 1901లో అలెగ్జాండర్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పిండిపదార్థాన్ని గాజుగొట్టంలో మూసి వేడిచేసి, గొట్టాన్ని పగులగొట్టాడు. అంతవరకు బంధింపబడిన తేమ ఒక్కసారిగా ఆవిరై వ్యాపించి పిండిని ఉబ్బించింది. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనలో ఫిరంగిగొట్టాల నుండి బియ్యాన్ని ఇలా పేల్చి జనానికి చూపించారు.

ఇది మనకేమీ కొత్త కాదు. వేడి ఇసుకలో వేయించిన మరమరాలు (రాయలసీమలో బొరుగులంటారు) ఉబ్బటానికి కారణం కూడా గింజలోని తేమ ఆవిరి కావటమే. నానబెట్టిన వడ్లను వేయించి దంచితే అటుకులవుతాయి. అవీ రేకులే. అయితే కార్న్‌ఫ్లేక్సును నొక్కిన తరువాత కాలుస్తారు గనుక అవి కరకరలాడుతాయి. అటుకులను అలా కాల్చరు గనుక మెత్తగా నములుడు పడతాయి.

రుచి నాలుక ఒక్కదానిదే కాదు

తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే అయిదు మూలరుచులను నాలుక గుర్తిస్తుంది. తీపి నాలుక కొసకూ, చేదు నాలుక వెనుకకూ మాత్రమే తెలుస్తుందని పాత పుస్తకాలలో ఒక బొమ్మ ఉండేది. అది సరికాదు. రుచిమొగ్గలు ఉన్న చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి.

మరి చాక్లెట్టు, యాలకుల వంటి వాటిని ఎలా గుర్తుపడుతున్నాం? ముక్కుతో. చాక్లెట్టు పూసిన ఉండ ఒకటి ముక్కు మూసుకొని నమలండి. తీపి మాత్రమే తెలుస్తుంది. ముక్కు వదలగానే చాక్లెట్టు "రుచి" ప్రత్యక్షమవుతుంది. నమిలేటప్పుడు వాసన అణువులు గొంతు వెనుకనుండి ముక్కులోకి చేరతాయి. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండేది ఇందుకే.

చెవికి కూడా ఇందులో వాటా ఉంది. 2004లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాంపీని, స్పెన్స్ అనే శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. బంగాళాదుంప చిప్సు కొరుకుతున్నవారికి వారి కొరుకుడు చప్పుడునే హెడ్‌ఫోన్లలో మార్చి వినిపించారు. చప్పుడు హెచ్చినప్పుడు, అందులోని సన్నని శబ్దాలు హెచ్చినప్పుడు, చిప్సు మరింత కరకరలాడుతున్నాయని, తాజాగా ఉన్నాయని తిన్నవారు చెప్పారు. చిప్సు ఒక్కటే, మారింది చప్పుడు!

నాలుక, ముక్కు, చెవి, కన్ను కలిసి ఇచ్చే తీర్పును మనం "నాలుక తీర్పు" అనుకుంటున్నామన్నమాట. కనుక నాలుకను పరీక్షించాలంటే మిగిలిన వాటి గారడీని అదుపులో ఉంచాలి.

ప్రయోగం 1: మూడు కప్పుల పరీక్ష

రెండు కంపెనీల మామూలు కార్న్‌ఫ్లేక్సు తీసుకోండి. వాటి మధ్య తేడా నాలుకకు నిజంగా తెలుస్తుందా? ఇదే మన ప్రశ్న.

1. ఒక్కొక్కరి ముందు మూడు చిన్న కప్పులు పెట్టండి. రెండింటిలో ఒకే కంపెనీవి, మూడోదానిలో రెండో కంపెనీవి ఉండాలి. పాలు పోయవద్దు.

2. అన్నింటిలోనూ ఒకే బరువు ఉండాలి, ఉదాహరణకు 5 గ్రాములు. ఒకే రకం కప్పులు వాడండి.

3. కప్పులమీద 417, 283, 652 వంటి అంకెలు వేయండి. 1, 2, 3 అని వేస్తే ఒకటో నంబరుది మంచిదన్న భావం కలుగుతుంది.

4. రుచి చూసేవారి కళ్ళకు రుమాలు కట్టండి. కప్పులు అందించేవారికి కూడా ఏ కప్పులో ఏముందో తెలియకూడదు. తెలిస్తే ముఖమో గొంతో గుట్టు బయటపెడుతుంది. వేరొకరు ముందుగా నింపి, జాబితా జేబులో పెట్టుకోవాలి.

5. ఒక కప్పుకూ మరొకదానికీ మధ్య మంచినీళ్ళతో నోరు పుక్కిలించాలి.

6. మూడింటిలో వేరైనది ఏదో చెప్పాలి. తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి తీరాలి.

మొదటి కంపెనీని అ, రెండోదాన్ని ఆ అనుకుంటే, కప్పులను అఅఆ, అఆఅ, ఆఅఅ, ఆఆఅ, ఆఅఆ, అఆఆ అని ఆరు విధాలుగా అమర్చవచ్చు. పన్నెండుమంది పిల్లలుంటే ఒక్కొక్క అమరిక రెండుసార్లు వస్తుంది.

ఇప్పుడు లెక్క. ఏమీ తెలియకుండా ఊహించినా సరైన కప్పు దొరికే అవకాశం మూడింట ఒకటి. అంటే పన్నెండుమందిలో సుమారు నలుగురు గుడ్డిగా చెప్పినా నెగ్గుతారు. నలుగురో అయిదుగురో సరిగా చెప్పినంత మాత్రాన తేడా ఉందని ఒప్పుకోరాదు. ఎనిమిదిమంది లేక అంతకన్న ఎక్కువమంది సరిగా చెబితే? ఊహమీద అలా జరిగే అవకాశం నూటికి రెండుకన్న తక్కువ. అప్పుడు తేడా నిజంగానే తెలుస్తోందని చెప్పవచ్చు.

ఈ తర్కానికి మంచి చరిత్ర ఉంది. 1920ల ప్రారంభంలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రజ్ఞురాలు, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో రుచి చూసి చెప్పగలనన్నది. గణాంకశాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ దీనిని నవ్వి కొట్టిపారేయలేదు, పరీక్ష పెడదామన్నాడు. 1935లో వెలువడిన తన పుస్తకంలో ఆ పద్ధతిని వివరించాడు. ఎనిమిది కప్పులు - నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు - వరుస కలిపివేసి ఇవ్వాలి. ఎనిమిదింటిలో నాలుగింటిని ఎన్నుకొనే విధాలు 70. కనుక ఊహతో అన్నీ సరిగా చెప్పే అవకాశం 70లో 1 మాత్రమే. ఒక టీ కప్పు దగ్గర మొదలైన ఈ ఆలోచన నేడు మందులనూ ఎరువులనూ పరీక్షించే శాస్త్రానికి పునాదులలో ఒకటి.

ప్రయోగం 2: కరకర ఎంతసేపు?

పొడి కార్న్‌ఫ్లేక్సులో తేమ చాలా తక్కువ. అందువల్ల పిండిపదార్థపు పొడుగాటి అణువులు గాజులో మాదిరి బిగుసుకొని ఉంటాయి. కొరికితే ఠక్కున విరుగుతాయి. నీరు చొరబడితే ఆ అణువులు ఒకదానిపై ఒకటి జారటం మొదలుపెడతాయి, రేకు మెత్తబడుతుంది. వేడి పాలలో ఈ పని త్వరగా జరుగుతుంది. మన ఇళ్ళలో పాలు వేడిగా పోసుకోవటం అలవాటు గనుక, మనవారికి ఇది ముఖ్యమైన విషయం.

రెండు గిన్నెలలో 30 గ్రాముల చొప్పున ఒకే రకం రేకులు వేయండి. ఒకదానిలో చల్లని పాలు, రెండోదానిలో గోరువెచ్చని పాలు, రెండింటిలోనూ 100 మిల్లీలీటర్లు పోయండి. అరనిమిషానికొకసారి ఒక రేకు తీసి కొరకండి. చప్పుడు ఆగిన సమయం రాసుకోండి. తరువాత ఇదే పనిని మరమరాలతో చేసి పోల్చండి. ఒక కప్పు మరమరాలూ ఒక కప్పు కార్న్‌ఫ్లేక్సూ త్రాసులో విడివిడిగా తూచి చూడండి. గిన్నె నిండటం వేరు, ఆహారం అందటం వేరని తెలుస్తుంది.

నాలుకకు తెలియనివి

కొన్ని సంగతులు ఎంత జాగ్రత్తగా రుచి చూసినా తెలియవు. వాటికి పెట్టె వెనుకవైపు చదవాలి.

మొదటిది చక్కెర. అన్నదమ్ముల పేచీ గుర్తుంది కదా! ఒక పెట్టెమీద 100 గ్రాములకు చక్కెర 8 గ్రాములనీ, ఇంకొకదానిమీద 30 గ్రాములనీ ఉందనుకుందాం. 30 గ్రాములు గిన్నెలో వేసుకుంటే మొదటిదానిలో 2.4 గ్రాములు, రెండోదానిలో 9 గ్రాములు వస్తాయి. తొమ్మిది గ్రాములంటే దాదాపు రెండు టీ చెంచాలు. కలిపిన చక్కెరలు, తేనె వంటివి మనకు అందే శక్తిలో పదోవంతుకు మించరాదనీ, ఇరవయ్యోవంతుకు లోపల ఉంటే ఇంకా మంచిదనీ 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ రెండో హద్దు పెద్దవారికి రోజుకు సుమారు 25 గ్రాములు. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ. పదార్థాల పట్టికను బరువులో ఎక్కువ నుండి తక్కువకు వరుసగా రాస్తారు. చక్కెర రెండో స్థానంలో ఉంటే అర్థమేమిటో మీరే చెప్పండి.

నాలుక ఇక్కడ మనకు సాయపడకపోగా పక్షపాతం చూపుతుంది. రెండు రకాలు పక్కపక్కన పెడితే పిల్లల ఓటు తరచు తియ్యనిదానికే పడుతుంది. తీపి కలపని రేకును ఒక నిమిషంపాటు మింగకుండా నమిలి చూడండి. లాలాజలంలోని అమిలేజ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. మెల్లగా తీపి తగులుతుంది. ధాన్యంలో దాగిన తీపి అది, ఓపికపట్టిన వారికే దొరుకుతుంది.

రెండోది ఇనుము. రక్తహీనత రాకుండా కొన్ని రకాలలో ఇనుము కలుపుతారు. పెట్టెమీద ఐరన్ కలిపినట్టు ఉంటే అరకప్పు రేకులు మెత్తగా పొడిచేసి, నీటితో పాటు మూత బిగిసే ప్లాస్టిక్ సంచిలో పోయండి. బలమైన అయస్కాంతాన్ని సంచి బయట ఆనించి పది నిమిషాలు నెమ్మదిగా కదపండి. బూడిదరంగు నలుసులు అయస్కాంతం దగ్గర పోగవవచ్చు. అది మేకులలో ఉండే ఇనుమే, కాకపోతే మెత్తని పొడి. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరికామ్లంలో అది కరుగుతుంది. ఏమీ పోగవకపోతే మోసమని తొందరపడకండి. ఇనుమును లవణాల రూపంలో కలిపితే అయస్కాంతానికి అంటదు. ఈ సంచిలోనిది మాత్రం తినకండి.

(హెచ్చరిక: పాలు, గోధుమలు, వేరుశనగ, బాదం వంటివి పడనివారూ, మధుమేహం ఉన్నవారూ రుచి చూడకుండా లెక్కలు రాసే పని తీసుకోండి. ప్రయోగాలు పెద్దల సమక్షంలో చేయండి.)

మూడు తీర్పులు, ఒక నిర్ణయం

నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో కళ్ళు కట్టుకొని ఇచ్చిన రుచి తీర్పు. రెండోదానిలో 100 గ్రాములకు చక్కెర, పీచుపదార్థం, మాంసకృత్తులు, ఉప్పు. మూడోదానిలో 100 గ్రాముల ధర. పెట్టె సైజును చూసి ధర పోల్చకూడదు. బరువుతో భాగించాలి. ఇదే పట్టికలో అటుకులనూ మరమరాలనూ కూడా చేర్చండి. మూడు గళ్ళలోనూ ఒకే పేరు మొదట రావటం అరుదు. వాటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో మీ ఇంట్లో అందరూ కూర్చొని నిర్ణయించుకోండి. అప్పుడు అది నిజంగా మీ ఎంపిక అవుతుంది.

ఆలోచించండి

1. మూడు కప్పుల పరీక్షలో పన్నెండుమందిలో అయిదుగురు సరిగా చెప్పారు. రెండు కంపెనీల రుచిలో తేడా లేదని రుజువైనట్లేనా?

2. రుమాలు కట్టినా చెవులు తెరిచే ఉన్నాయి. చప్పుడు ప్రభావం తొలగించటానికి ప్రయోగాన్ని ఎలా మారుస్తారు?

3. పెట్టె బదులు అదే రకాన్ని రెండు కప్పులలో పోసి, ఒకదానిమీద "ఖరీదైనది", రెండోదానిమీద "చవకది" అని రాసి స్నేహితులకు ఇస్తే ఏం జరుగుతుందనుకుంటున్నారు? ముందు మీ ఊహ రాసి, తరువాత చేసి చూడండి.