ప్రాక్సీ పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతుంటే

సోమవారం తొమ్మిదింటికి క్లయింట్ కాల్. ఎనిమిదిన్నరకు జలంత్రకోట నుంచి మా టీమ్ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నెట్ బాగానే వస్తంది. ఆఫీసుది ఒక్కటీ ఓపెన్ అవట్నేదు. పాస్‌వర్డ్ కొట్టిందే కొడతన్నాను." అప్పటికి ఆరుసార్లు కొట్టింది. అకౌంట్ లాకైంది. హెల్ప్‌డెస్క్ లాక్ తీసింది, పావుగంటలో మళ్లీ లాకైంది. మధ్యాహ్నం రెండు దాటాక గానీ కారణం దొరకలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఆఫీసులో పాస్‌వర్డ్ మార్చింది. గిట్ సెట్టింగ్స్‌లో ఎప్పుడో రాసిపెట్టుకున్న పాతది మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమె బ్రౌజర్‌లో కొత్తది సరిగ్గానే కొడుతోంది. వెనకాల కోడ్ ఎడిటర్ గిట్ ద్వారా పాతదాన్ని పంపుతూనే ఉంది. కాల్ పోయింది. మేనేజర్ దగ్గర "ప్రాక్సీ సమస్య" అన్న సంజాయిషీ నిలబడలేదు.

2020 తర్వాత పలాస, టెక్కలి, సోంపేట వైపు ఇళ్లనుంచే విశాఖ, హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పనిచేయడం మామూలైంది. ఆఫీసులో పక్క సీటువాడిని అడిగితే తేలిపోయే విషయం, ఇంట్లో సగం రోజు తినేస్తుంది. అందుకే ప్రాక్సీ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ప్రాక్సీ ఉన్నప్పుడు బ్రౌజర్ నేరుగా సైట్‌కు వెళ్లదు, ముందు ప్రాక్సీని అడుగుతుంది. మీరెవరో తెలియకపోతే ప్రాక్సీ 407 అనే జవాబిస్తుంది. అప్పుడే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది. 401 వేరు, అది సైట్ అడిగేది. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసేటప్పుడు రెంటిలో ఏది వచ్చిందో చెప్పగలిగితే సగం పని అయినట్టే.

గుర్తింపు అడిగే పద్ధతులు ప్రధానంగా మూడు. బేసిక్‌లో పాస్‌వర్డ్ బేస్64 రూపంలో వెళ్తుంది. అది రహస్యలిపి కాదు, దారిలో పట్టుకున్నవాడు క్షణంలో చదివేస్తాడు. ఎన్‌టీఎల్ఎమ్ పాతబడింది, మైక్రోసాఫ్ట్ 2024 జూన్‌లో దాన్ని విరమించే జాబితాలో చేర్చింది. మూడోది నెగోషియేట్, అంటే కెర్బెరోస్ టికెట్‌తో నడిచేది. కంపెనీ డొమైన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ అయితే అసలు పెట్టే రాకూడదు. వచ్చిందంటే రెండు చూడండి. ల్యాప్‌టాప్ గడియారం ఐదు నిమిషాలకు మించి తేడాగా ఉందా? ప్రాక్సీని పేరుతో కాకుండా ఐపీ నంబరుతో పెట్టారా? టికెట్ పేరు మీదే వస్తుంది గనక నంబరు పెడితే కుదరదు.

సెట్టింగ్స్ ముట్టుకోకముందే ఐటీ వాళ్లను నాలుగు అడగండి: ప్రాక్సీ పేరు, పోర్టు, పద్ధతి, ప్యాక్ ఫైల్ (ఏ సైట్‌కు ప్రాక్సీ వాడాలో చెప్పే ఫైల్) అడ్రస్ ఉందా లేదా. తోటి ఉద్యోగి స్క్రీన్ చూసి రాసుకోకండి. అతని ప్రాజెక్ట్ ప్రాక్సీ వేరే కావచ్చు.

విండోస్‌లో క్రోమ్, ఎడ్జ్ రెండూ సిస్టమ్ సెట్టింగ్‌నే వాడతాయి. నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో ప్రాక్సీ దగ్గర పేరు, పోర్టు ఇవ్వాలి. యూజర్‌నేమ్ ఎక్కడ రాయాలా అని చాలామంది అక్కడే వెతుకుతారు. అక్కడ ఉండదు, పెట్టె వచ్చినప్పుడు ఇవ్వాలి. ఫైర్‌ఫాక్స్‌కు సొంత సెట్టింగ్స్ ఉన్నాయి, జనరల్ పేజీ చివర్లో. మాన్యువల్‌గా ఇస్తే, హెచ్‌టీటీపీఎస్‌కు కూడా ఇదే ప్రాక్సీ అన్న టిక్కు మర్చిపోకండి. అది లేకపోతే ఈరోజుల్లో దాదాపు ఏ సైటూ ప్రాక్సీ గుండా వెళ్లదు. పాస్‌వర్డ్ ఉన్న సాక్స్5 ప్రాక్సీ ఇచ్చారా, తిప్పి పంపండి. క్రోమ్ సాక్స్5కు పాస్‌వర్డ్ పంపదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్ పేజీలోనూ దానికి చోటు లేదు. హెచ్‌టీటీపీ ప్రాక్సీ అడగండి.

ఇంటి నుంచి పనిచేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు నెట్, తర్వాత వీపీఎన్, ఆ తర్వాతే ప్రాక్సీ. ఆఫీసు ప్రాక్సీ పేరు బయటి నెట్‌కు తెలియదు. వీపీఎన్ ఆగి, మాన్యువల్ ప్రాక్సీ అలాగే ఉంటే ఏదీ తెరుచుకోదు. నెట్ పోయిందనుకుని రౌటర్ ఆపి వెలిగిస్తూ కూర్చుంటారు. వీలుంటే ప్యాక్ ఫైలే వాడండి. ఏ సైట్ ప్రాక్సీ గుండా, ఏది నేరుగా అన్నది అదే చూసుకుంటుంది. రైల్వే స్టేషన్ వైఫైలో ఓటీపీ పేజీ రాకపోతే కారణం చాలాసార్లు అలా ఉండిపోయిన మాన్యువల్ ప్రాక్సీయే. ప్రాక్సీ ఆపండి, లాగిన్ అవండి, వీపీఎన్ కలిపి మళ్లీ పెట్టండి.

మన ఉద్దానం ప్రాంతంలో ఇంకో మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు ఎన్నాళ్లు లేకుండా పోయాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకుంటాం. ఒకదాన్నుంచి ఒకదానికి మారే ఆ నిమిషంలోనే వీపీఎన్ తెగుతుంది, పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది, కంగారులో కొట్టేస్తాం. కొట్టే ముందు పెట్టెలో రాసి ఉన్న ప్రాక్సీ పేరు చదవండి. విండోస్‌లో ఆటోమేటిక్‌గా సెట్టింగ్స్ కనుక్కో అన్నది ఆన్‌లో ఉంటే, బయటి వైఫైలో ఎవరైనా తమ ప్రాక్సీని మీకు అంటగట్టి పాస్‌వర్డ్ అడగవచ్చు. ఐటీ వాళ్లు ఉంచమంటే తప్ప అది ఆఫ్ చేయండి.

ఇప్పుడు లాకవడం సంగతి. అసలు నష్టం ఎక్కువగా ఇక్కడే. పాత పాస్‌వర్డ్ దాక్కునే చోట్లు: విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్, బ్రౌజర్ సేవ్ చేసినవి, గిట్, పిప్, ఎన్‌పీఎమ్ సెట్టింగ్స్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ఆఫీసు మెయిల్ పెట్టుకున్న ఫోన్. బ్రౌజర్ కనీసం పెట్టె చూపి అడుగుతుంది, మిగతావి చప్పుడు చేయకుండా పాతదే పంపుతాయి. కొందరు పాస్‌వర్డ్‌ను ప్రాక్సీ అడ్రస్‌లోనే కలిపి రాస్తారు. అందులో @ ఉంటే అడ్రస్ అక్కడే తెగిపోతుంది. దాని బదులు %40, # బదులు %23, : బదులు %3A రాయాలి. కానీ నా మాట వినండి, అలా రాయకపోవడమే మంచిది. అలా రాసిన సెట్టింగ్స్ ఫైల్ పొరపాటున రిపాజిటరీలోకి ఎక్కితే మీ పాస్‌వర్డ్ టీమ్ అందరిదీ అవుతుంది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు వస్తే మూడోసారి కొట్టకండి. నెట్ తీసేసి, పైన చెప్పిన చోట్లన్నీ చూసి, అప్పుడు హెల్ప్‌డెస్క్‌ను అన్‌లాక్ అడగండి.

పాస్‌వర్డ్ తోటివాడికి అప్పివ్వడం మాత్రం వద్దు, డెడ్‌లైన్ ఎంత మీదికొచ్చినా సరే. ప్రాక్సీ లాగ్‌లో ప్రతి వరస పక్కన ఉండేది మీ పేరు, సమయం, వెళ్లిన సైట్. అతను ఏం డౌన్‌లోడ్ చేసినా విచారణ మీ దగ్గరికే వస్తుంది. వేరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. చిన్న ఆఫీసుల్లో స్క్విడ్ పెట్టి, 3128 పోర్టు ఇచ్చి, అందరికీ ఒకే యూజర్‌నేమ్ పంచుతారు. కాశీబుగ్గలో జీడిపప్పు లెక్కలు చూసే ఆఫీసైనా, విశాఖలో ఐటీ కంపెనీ అయినా, మీకు వేరే పేరు అడిగి తీసుకోండి.

మామూలుగా హెచ్‌టీటీపీఎస్‌లో ప్రాక్సీకి సైట్ పేరు తెలుస్తుంది, పేజీలో ఏముందో తెలియదు. కంపెనీ తన రూట్ సర్టిఫికెట్ వేస్తే అదీ చూడగలదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత బ్యాంకు పని పెట్టుకోకండి. ఉచిత ప్రాక్సీ ఎక్స్‌టెన్షన్‌కు ఆఫీసు పాస్‌వర్డ్ ఇవ్వడం అంటే ముక్కూమొహం తెలియనివాడికి తాళంచెవి ఇవ్వడమే.

ఆ జలంత్రకోట అమ్మాయి ఇప్పుడు పాస్‌వర్డ్ గడువు తీరడానికి నాలుగు రోజులుండగానే, మంగళవారమో బుధవారమో, భోజనం అయ్యాక దాన్ని మారుస్తుంది. ముందు వీపీఎన్ కలుపుతుంది, ఎడిటర్ మూస్తుంది, ఫోన్‌లో మెయిల్ ఆపుతుంది. మార్చాక బ్రౌజర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే తెరుస్తుంది. మొత్తం ఇరవై నిమిషాల పని. ఎక్కడైనా తేడా వస్తే హెల్ప్‌డెస్క్ ఇంకా డ్యూటీలోనే ఉంటుంది.