బాత్‌రూమ్ యాసిడ్: గుణములు, ఉపయోగములు, జాగ్రత్తలు



బాత్‌రూమ్ గచ్చు మీద, టైల్స్ మీద పేరుకున్న తెల్లటి ఉప్పు పొర వదలాలంటే మనలో చాలామంది యాసిడ్ తెస్తాము. చవకగా దొరుకుతుంది, పని త్వరగా అవుతుంది. కాని ఇది ఫ్యాక్టరీలలో వాడే రసాయనము. పొరపాటున ఒక్క గుక్క లోపలికి పోతే ప్రాణానికే ముప్పు. బ్రతికినా అన్నం మింగలేని స్థితి రావచ్చు. కనుక ఇంటిల్లిపాదీ ఈ పాఠం చదవమని మా కోరిక.

యాసిడ్ అంటే ఏమిటి?

దీని అసలు పేరు హైడ్రోక్లోరిక్ ఆమ్లము. హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువును నీటిలో కరిగిస్తే ఇది తయారవుతుంది. గాఢమైన యాసిడ్‌లో ఆ వాయువు సుమారు 30 నుండి 37 శాతం ఉంటుంది. మూత తీయగానే ముక్కును మండించే పొగ అదే. ఉక్కుకు పట్టిన తుప్పు వదలగొట్టడానికి, ఎముకల నుండి జెలటిన్ తీయడానికి ఫ్యాక్టరీలలో దీనిని వాడతారు.

అన్నం అరగడానికి మన కడుపులో ఊరేది కూడా ఈ ఆమ్లమే. కడుపు లోపలి జిగురు పొర దానిని తట్టుకుంటుంది. గొంతుకు, అన్నవాహికకు, కంటికి అంతటి రక్షణ లేదు. గాఢమైన యాసిడ్ పడితే కడుపు కూడా కాలిపోతుంది.

చేయకూడని మూడు పనులు

1. యాసిడ్‌ను నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచరాదు. చూడటానికి అది నీళ్లలాగే ఉంటుంది. ఆడుకొని దాహంతో వచ్చిన బిడ్డ, రాత్రి చూపు ఆనని తాతయ్య సీసాను చూస్తారే గాని వాసన చూడరు. కొన్న సీసాలోనే, పేరు చీటీతో, పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచండి.

2. బ్లీచింగ్ పౌడర్‌తో కలపరాదు. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలినది ఈ వాయువునే. చిన్న బాత్‌రూమ్‌లో ఇది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఒకటి వాడిన రోజున రెండవది వాడకండి.

3. యాసిడ్‌లో నీళ్లు పోయరాదు. వేడి పుట్టి ముఖం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, తరువాత యాసిడ్‌ను కొద్దికొద్దిగా కలపండి. ఇనుము, అల్యూమినియం పాత్రలు వద్దు. వాటిని తిని, మండే వాయువును పుట్టిస్తుంది.

కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. రబ్బరు గ్లౌజులు, చెప్పులు, కళ్లద్దాలు వేసుకోండి. ఆయాసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా గ్లౌజులు ఇవ్వండి. ఆమె చేతులూ మన చేతుల వంటివే.

ప్రమాదం జరిగితే

చర్మం మీద పడితే: తడిసిన బట్టలు తీసివేసి, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. టూత్‌పేస్ట్, సున్నం, పసుపు రాయకండి.

కంటిలో పడితే: రెప్పలు తెరిచి పట్టుకొని, కనీసం 20 నిమిషాలు నీటితో కడగండి. నీరు రెండవ కంటిలోకి పారకుండా తలను ప్రక్కకు వంచండి. కడిగిన వెంటనే ఆసుపత్రికి రండి.

పొగ పీలిస్తే: ఆరుబయటి గాలికి తీసుకురండి. దగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకండి.

మింగితే: వాంతి చేయించరాదు. ఉప్పునీళ్లు, చింతపండు రసం, కోడిగుడ్డు తెల్లసొన ఏవీ త్రాగించరాదు. పైకి వచ్చే యాసిడ్ గొంతును రెండవసారి కాల్చుతుంది. తెలివిలో ఉంటే నోరు పుక్కిలించి ఉమ్మించండి. 108కి ఫోన్ చేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకురండి.

నోరు మానింది కదా అని చికిత్స మానకండి. కొన్ని వారాల తరువాత అన్నవాహిక ముడుచుకుపోవచ్చు. ముద్ద గొంతులో అడ్డుపడుతున్నదంటే అది గుర్తు. డాక్టరు గారు రమ్మన్న తేదీకి తప్పక రండి.

నిజం చెప్పండి

కొందరు దుఃఖంలో తెలిసే త్రాగుతారు. పోలీసు కేసు అవుతుందని, పరువు పోతుందని ఇంటివారు "పొరపాటున త్రాగింది" అంటారు, లేక గంటలకొద్దీ ఇంట్లోనే ఉంచుతారు. అట్లా చేయకండి. ఆసుపత్రి వారు నియమం ప్రకారం పోలీసులకు తెలియజేస్తారు. అయినా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అట్టివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా ఎంచి, శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వాలని చెబుతుంది. గాయంతోపాటు మనసుకూ చికిత్స కావాలి. 14416 టెలి మానస్ నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కొనేటప్పుడు

అమ్మేవారు కొన్నవారి పేరు, చిరునామా, కారణం పుస్తకంలో రాయాలని, గుర్తింపు కార్డు చూడాలని, 18 ఏళ్లు నిండనివారికి అమ్మరాదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక పిల్లలను యాసిడ్ కోసం కొట్టుకు పంపకండి.

ఈ పేజీ మూసిన తరువాత ఒకసారి మీ బాత్‌రూమ్ గూడు, వంటింటి మూల చూడండి. పేరు చీటీ లేని సీసా కనబడితే ఈరోజే దాని సంగతి తేల్చండి. ఇంట్లో పెద్దలకు, పిల్లలకు ఈ మాటలు చదివి వినిపించండి.