మెరుపును కొలిచే గ్లాస్‌మీటర్

జనరల్ సైన్స్ – భౌతికశాస్త్రం: కాంతి

నున్నటి తలంపై కాంతి పడితే పతన కోణం, పరావర్తన కోణం సమానం. ఇది క్రమ పరావర్తనం. గరుకు తలం కాంతిని అన్ని వైపులకూ చెదరగొడుతుంది. ఇది క్రమరహిత పరావర్తనం. మొదటిది ఎంత ఎక్కువైతే తలం అంత నిగనిగలాడుతుంది.

పనితీరు: పరికరంలోని దీపం నిర్ణీత కోణంలో కాంతిని పంపుతుంది. అంతే కోణంలో ఎదురుగా ఉన్న గ్రాహకం తిరిగొచ్చిన కాంతిని కొలుస్తుంది.

గుర్తుంచుకోండి
- ప్రమాణం: ఐఎస్ఓ 2813
- కొలమానం: గ్లాస్ యూనిట్ (జీయూ)
- ఆధారం: వక్రీభవన గుణకం 1.567 ఉన్న నునుపైన నల్లగాజు. దీని విలువ 100
- కోణాలు (లంబం నుంచి): 20°, 60°, 85°
- మొదట 60° వద్ద కొలుస్తారు. రీడింగ్ 70 దాటితే 20°, 10 కంటే తక్కువైతే 85° వాడతారు.
- లోహపు అద్దాల రీడింగ్ 100 దాటుతుంది.

ఎందుకిన్ని కోణాలు? మామూలు గాజుపై లంబంగా పడిన కాంతిలో ఒక తలం నుంచి సుమారు 4 శాతమే వెనక్కి వస్తుంది. 85° వద్ద సగానికి పైగా వస్తుంది. అందుకే మెరుపు తక్కువున్న మ్యాట్ పెయింట్ల మధ్య తేడా ఏటవాలు కోణంలోనే స్పష్టంగా తెలుస్తుంది.

మాదిరి ప్రశ్న
60° వద్ద 85 జీయూ చూపిన కారు పెయింట్‌ను మళ్లీ ఏ కోణంలో కొలవాలి?
1) 20° 2) 45° 3) 75° 4) 85°
జవాబు: 1